ఊటగుట్ట లెక్క

నిజం చెప్పి బాగుపడిన మనిషిని దేవ్లి తన జన్మలో చూడలేదు. అబద్ధం చెప్పి చెడిపోయిన మనిషిని మాత్రం ఒక్కదాన్ని చూసింది. అది తనే. ఆ సంగతి తెలిసేసరికి ఆమెకు అరవై రెండేళ్లు నిండాయి.

నాగిరెడ్డిపేటలో బస్సు దిగి, పోచారం చెరువు కింది వరి మళ్లను వెనక వదిలేసి, అడవి వైపు మూడు మైళ్లు నడిస్తే ఊటగుట్ట తండా వస్తుంది. నలభై గడపల లంబాడీ తండా. కింద మళ్లలో రెండు పంటలు పండుతాయి. కాలువ నీళ్లకు గుట్ట ఎక్కడం రాదు కనుక తండాలో ఒకటే పంట, అదీ వాన దయ తలిస్తే. మక్కజొన్న వేస్తారు. అడవి పందులు తినగా మిగిలింది ఇంటికి తెచ్చుకుంటారు. దీపావళి దాటాక ఇంట్లో ఆ మక్కలూ, బయట చేయడానికి ఏ పనీ లేని చేతులూ మిగులుతాయి. అప్పుడు సగం తండా పొట్ట చేత పట్టుకుని బీదర్ అవతలికి చెరుకు నరకడానికి పోతుంది. హోలీకి తిరిగొస్తుంది.

ఆ రాళ్ల గుట్టకు దేవుడు మనసు పెట్టి ఇచ్చింది సీతాఫలం ఒక్కటే. దక్షిణం వైపు వాలు ఎండకు మాడి, నాలుగు గిడసబారిన చెట్లతో బోసిగా ఉంటుంది. దారిన పోయేవాళ్లకు కనిపించేది అదే. ఉత్తరం వైపు పోవాలంటే రెండు పెద్ద బండల మధ్య ఒంగి దూరాలి. దూరితే, నడి వేసవిలో కూడా బొట్టు బొట్టుగా కారే ఊట, దాని కింద లోయ పొడవునా సీతాఫలం చెట్లు. అక్కడి కాయ రెండు చేతుల్లో పట్టుకోవలసినంత ఉంటుంది. కాయ మీది గళ్ల మధ్య గీతలు తెల్లబడితే కన్ను విచ్చింది అంటారు. కన్ను విచ్చిన కాయను కోసి గడ్డిలో పెడితే మూడో నాటికి పండు.

దేవ్లి పుట్టిల్లు నస్రుల్లాబాద్ దగ్గరి ఒక తండా. పదిహేనో ఏట మోత్యాకు పెళ్లాంగా ఈ గుట్టకు వచ్చింది. వచ్చిన ఏడు మొదటి కాపుకి అత్త ఆమెను ఆ బండల మధ్య నుంచి దూరించి లోయలోకి తీసుకుపోయి, ఊట పక్కన ఒక చెట్టు చూపించి, "ఇది నీది" అంది. ఆ తండాలో అది ఆనవాయితీ. కోడలికి ఒక చెట్టు. ఆ చెట్టుకి ఆ కోడలి పేరే. మనిషి పోయినా పేరు పోదు. సోనీ చెట్టు, హీరా చెట్టు, రుక్కి చెట్టు... అలా ఊట దగ్గర మొదలుపెట్టి చివరి బండ దాకా పేర్లు చదువుకుంటూ పోతే తండాకు కాపురానికి వచ్చిన ఆడవాళ్లందరూ వచ్చేస్తారు. ఏ రాజుల వంశావళి అయినా ఇంత తియ్యగా ఉండదు. ఆ పేర్లన్నీ వరసగా నోటికి వచ్చిన మనిషి ఇప్పుడు దేవ్లి ఒక్కతే. నాలుగేళ్ల కింద తన కోడలు జమున కాపురానికి వచ్చినప్పుడు వంగిన బండ కింద ఉన్న లేత చెట్టును చూపించి "ఇది నీది" అన్నది కూడా ఆమే.

ఇంత ఉన్న గుట్ట గురించి బయటివాళ్లకు ఒక్క ముక్క కూడా తెలియదు. దానికి కారణం దేవ్లి మొగుడు మోత్యా.

ముప్పై ఏళ్ల కిందటి మాట. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు మోటారు సైకిల్ మీద తండాకు వచ్చాడు. మోత్యా మంచం మీద కూర్చుని, మోత్యా ఇచ్చిన పండు తిని, గింజలు చేతిలో ఊసుకుంటూ, "ఇంత తీపి నేనెక్కడ చూడలే. ఎన్ని చెట్లుంటయ్?" అని అడిగాడు. "అంతా మీ మంచికే" అని కూడా అన్నాడు. మోత్యాకు గుట్ట అంటే గర్వం. పొగిడితే కరిగిపోయే రకం. ఆ మనిషిని బండల మధ్య దూరించి, చెట్టు చెట్టూ చూపించి, తాడుకు ముడులు వేసి మరీ లెక్క ఒప్పజెప్పాడు.

మరుసటి ఏడు ఆ పెద్దమనిషే అడవి కాయ గుత్తకు పట్టుకుని వచ్చాడు. ఖాకీ చొక్కాలు వేసిన కాపలావాళ్లను నలుగురిని బండల దగ్గర కూర్చోబెట్టాడు. మూడు కాపులు తండా నోట్లోకి ఒక్క పండు పోలేదు. రెండో ఏట మోత్యా ఉండబట్టలేక పెళ్లాం చెట్టు కాయ నాలుగు కోసుకొస్తూ దొరికాడు. వాళ్లు తరిమితే బండ మీంచి పడి కాలు విరిగింది. ఆ కాలు మళ్లీ సరిగా అతుక్కోలేదు. బతికినన్నాళ్లూ ఈడ్చుకుంటూనే నడిచాడు.

గుత్తదారు మూడేళ్లకు తన దారిన తను పోయాడు. అప్పుడు తండా అంతా తమ దేవత సీత్లా యాడి రాళ్ల దగ్గర చేరింది. మోత్యా ఆ రాళ్ల మీద చెయ్యి పెట్టి, "నా నోటి వల్ల పోయింది. గుట్ట లెక్క బయటోళ్లకు ఎవ్వరు చెప్పొద్దు. ఎవడడిగినా ఏం లేదు అనాలె" అన్నాడు. అందరూ చెయ్యి పెట్టారు. అప్పటి నుంచి ఊటగుట్ట తండాలో పిల్లలకు మాటలు రాగానే నేర్పే మాట అదే. కాయలు అమ్మడానికి పోచారం కట్ట మీద గంప పెట్టుకున్నా, ఎక్కడివి అని అడిగితే ఎక్కడెక్కడివో ఏరుకొచ్చాం అనేవాళ్లు. గంపలు నిండుగా ఉంటే కూడా అనుమానమే కనుక సగానికే నింపేవాళ్లు. మిగిలింది లోయలో రాలి, ఎలుగుబంట్లు తిని, కుళ్లిపోయేది. మోత్యా ఆరేళ్ల కింద చనిపోయాడు. ఒట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ కథ జరిగిన ఏడు శ్రావణంలో, తండా ఆడపిల్లలు తీజ్ పండుగ మొలకల బుట్టలు నీళ్లలో వదిలిన మూడో నాడు, ఆకుపచ్చ జీపు ఒకటి తండాలోకి వచ్చింది. ముందు సీట్లోంచి ఒక అమ్మాయి దిగింది. పేరు వినీత, కామారెడ్డి నుంచి వచ్చానని చెప్పింది. చేతిలో కాగితాల అట్ట, మెడలో కార్డు, కాళ్లకు బురద అంటిన బూట్లు. డ్రైవర్ ఖాకీ చొక్కా వేసుకున్నాడు. డ్రైవర్లు ఖాకీ చొక్కా వేసుకోక ఇంకేం వేసుకుంటారు? కానీ తండా మొత్తం ముందు చూసింది ఆ చొక్కానే.

"ఇక్కడ సీతాఫలం సంగతి ఎవరికి బాగా తెలుసు?" అని వినీత అడిగింది. జనం దేవ్లి వైపు చూశారు. దేవ్లి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

పాపం ఆ పిల్ల ఏదీ దాచలేదు. అన్నీ విడమరిచి చెప్పింది. జిల్లాలో గుట్టల మీది ఊళ్లలో ఏం దొరుకుతుందో, దాంతో అక్కడే ఏం పని పెట్టవచ్చో రాసుకుంటున్నారట. సీతాఫలం ఎక్కువుంటే ఒక రేకుల షెడ్డు వేస్తారట. పది మంది ఆడవాళ్లు కూర్చుని పండ్ల గుజ్జు తీస్తే, ఎల్లారెడ్డిలో ఫ్రీజర్లలో పెట్టి ఐస్‌క్రీమ్ చేసేవాళ్లకు అమ్ముతారట. ఈ ఏడు ఒక్క ఊళ్లోనే మొదలుపెడతారు. దసరాకల్లా పని మొదలైతే సంక్రాంతి దాకా ఉంటుంది, ఆ తర్వాత చింతపండు, ఆ తర్వాత ఇప్పపువ్వు.

"చెరుకు కోతకు పోయే అవసరం లేకుండ చేద్దామని, అవ్వా. అంతా మీ మంచికే" అంది వినీత.

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. అది విన్నదే తడవు దేవ్లికి మోత్యా మంచం, ఆ ఇస్త్రీ చొక్కా, చేతిలో ఊసుకున్న గింజలు గుర్తొచ్చాయి. అంతకు ముందు చెప్పినదంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

"పోదాం పా బిడ్డా, చూపిస్త" అని లేచింది.

తీసుకుపోయింది దక్షిణం వాలు మీదికి. మాడిపోయిన నాలుగు చెట్లు చూపించింది. "గిదే మా గుట్ట. పూత వస్తది, ఎండకు రాలిపోతది. ఉన్న నాలుగు కాయలు కోతులు తింటయ్. ఏం లేదు బిడ్డా." మొహం ఎంత అమాయకంగా పెట్టిందంటే, తోడొచ్చిన జమున పక్కకు తిరిగి నవ్వు ఆపుకోవలసి వచ్చింది.

వినీత ఫోటోలు తీసుకుంది. తర్వాత అవతలి వైపు చెయ్యి చూపించి, "ఉత్తరం దిక్కు?" అని అడిగింది.

"ఆడ బండలే. ఎలుగుబంట్లు తిరుగుతయ్. మేమే పోము."

వినీత రాసుకుంది. పోయేటప్పుడు ఆ పిల్ల మొహంలో ఎందుకో నిరాశ కనిపించింది. దేవ్లికి అదీ నాటకంలాగే తోచింది. జీపు కనుమరుగు కాగానే తండా అంతా దేవ్లిని మెచ్చుకుంది. మోత్యా ఉంటే ఎంత సంతోషించేవాడో అన్నారు. ఆ పూట దేవ్లి కడుపు నిండా తిని, కాళ్లు చాపుకుని కూర్చుంది.

దసరా వారం ఉందనగా కొడుకు దేవీసింగ్ ఎల్లారెడ్డి సంతకు పోయి వచ్చాడు. సంచీ కింద పెట్టకుండానే చెప్పాడు.

"యాడీ, ఆ జీపులొచ్చిన పిల్ల చెప్పింది నిజమేనట. రామారెడ్డి దిక్కు ఒక ఊర్ల షెడ్డు పడ్డది. పది మంది ఆడోళ్లు తలకు టోపీలు పెట్టుకొని చెంచాలతోని గుజ్జు తీస్తున్నరు. మా దోస్తు పెండ్లాం కూడ పోతున్నదట. మన గుట్ట పేరు గూడ ఉండెనట. కాయ లేదని తీసేసిండ్రట."

యాడీ అంటే వాళ్ల మాటలో అమ్మ. కోడలు జమున కూడా అత్తను అలాగే పిలుస్తుంది. కొడుకు తెచ్చిన కబురు వినగానే దేవ్లి ముందుగా చూసింది జమున వైపే. జమున పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ రొట్టె తట్టడం మొదలుపెట్టింది.

జమునకు అప్పుడు నాలుగో నెల.

కిందటి ఏడు చెరుకు కోతకు పోయినప్పుడు కూడా జమున కడుపుతో ఉంది. కోతలో మనిషిని లెక్కపెట్టరు, జోడీని లెక్కపెడతారు. మొగవాడు నరుకుతాడు. ఆడమనిషి ఆకు దూసి, మోపు కట్టి, నెత్తి మీద పెట్టుకుని, లారీకి వేసిన చెక్క మీదుగా ఎక్కుతుంది. ఎనిమిదో నెలలో ఆ చెక్క మీద జమున కాలు జారింది. బిడ్డ చెరుకాకు గుడిసెలో పుట్టి ఏడవలేదు. కాలువ గట్టున పూడ్చి పెట్టి, నాలుగో నాడు మళ్లీ మోపు ఎత్తుకుంది. హోలీకి తిరిగి వచ్చాక అత్త కాళ్ల దగ్గర కూర్చుని ఒక్క మాటే చెప్పింది. "ఆడపిల్ల, యాడీ. వెంట్రుకలు మస్తుండె." మళ్లీ ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. దేవ్లి ఆ రోజు మనసులో ఒక ఒట్టు పెట్టుకుంది. ఈ పిల్లను మళ్లీ కడుపుతో ఆ చెక్క ఎక్కనివ్వను అని.

ఇప్పుడు ఆ ఒట్టును తన చేతులతో తనే విరిచింది. షెడ్డు ఇంటి ముందుకే వస్తానంటే, కోతులు తింటాయని చెప్పి పంపేసింది.  దేవ్లి కంచం పక్కకు నెట్టింది. కొడుకు ఏమీ అనలేదు, కోడలు ఏమీ అనలేదు. ఎవరైనా తిడితే బాగుండునని ఆమెకు మొదటిసారి అనిపించింది.

తెల్లారాక దోటి పట్టుకుని లోయలోకి పోయింది. ఆ ఏడు కాపు కొమ్మలు విరిగేలా కాసింది. జమున పేరున్న చెట్టు కింద నిలబడి కన్ను విచ్చిన కాయలు ఏరి ఏరి కోసింది. గంపలో టేకు ఆకులు పరిచి, కాయకు కాయ తగలకుండా సర్దింది. ముప్పై ఏళ్లలో ఆ తండా నుంచి నిండు గంప బయటికి పోవడం అదే మొదలు. ఇంట్లో గడ్డి కప్పి రెండు రోజులు మాగనిచ్చింది. మూడో నాడు నాగిరెడ్డిపేటలో బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగి, అక్కడ ఇంకో బస్సెక్కి లింగంపేట మీదుగా కామారెడ్డి చేరింది. దారి పొడవునా గంప ఒళ్లోనే పెట్టుకుంది. కండక్టర్ కింద పెట్టమంటే, గంపకు కూడా టిక్కెట్టు కొట్టమని అడిగింది. బస్సులో జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

కామారెడ్డిలో నలుగురిని అడిగి, రెండు ఆఫీసులు తిరిగి, మూడో దాంట్లో వినీతను పట్టుకుంది. మధ్యాహ్నం దాటింది. చిన్న గది, గోడ నిండా గుట్టల పటం. వినీత ఆమెను చూడగానే గుర్తుపట్టి కుర్చీ జరిపింది. దేవ్లి కుర్చీలో కూర్చోలేదు. గంప బల్ల మీద పెట్టి, పైన కప్పిన గుడ్డ తీసింది.

గది అంతా వాసన కమ్ముకుంది. వినీత ఒక పండు చేతిలోకి తీసుకుని, విప్పి, రెండు తొనలు నోట్లో వేసుకుంది. 

"ఎక్కడివి, అవ్వా?"

"మా గుట్టవే. ఉత్తరం దిక్కు."

"అక్కడ బండలే అన్నరు గదా?"

"అబద్ధం చెప్పిన బిడ్డా." దేవ్లి గంపను ఆమె వైపు జరిపింది. "నువ్వు గూడ గుత్తదారువు అనుకున్న. ఆడ మూడు వందల పన్నెండు చెట్లున్నయ్. అన్నిటికి పేర్లున్నయ్. రాసుకో, చెప్త." చెప్పడం మొదలుపెట్టేసింది. "ఊట కాడ దేవ్లి చెట్టు, దాని పక్కకు సోనీ చెట్టు, దాని ఎన్క హీరా..."

ఇన్నేళ్లుగా సీత్లా రాళ్ల కింద పెట్టిన లెక్క, కామారెడ్డిలో ఒక ఫ్యాను కింద, గుక్క తిప్పుకోకుండా బయటికి వచ్చింది. వినీత రాసుకోలేదు. వింటూ వింటూ ఒక ఫైలు తీసింది. పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టి, దేవ్లి మాట ఆపాక, నెమ్మదిగా చదివింది.

"ఊటగుట్ట తండా. సీతాఫలం చెట్లు పలుచగా ఉన్నవి. కాపు లేదు. పరిశ్రమకు అవకాశం లేదు. సమాచారం ఇచ్చినవారు దేవ్లి."

దేవ్లికి చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని చూస్తూ ఉండిపోయింది. ఓటు చీటీలు, రేషను కార్డులు ఆమెకు ఉన్నాయి. కానీ ఆమె నోటి నుంచి వచ్చిన ఒక మాటను ఎవరైనా నమ్మి, పేరు పెట్టి, కాగితం మీద రాసింది పుట్టాక అదే మొదటిసారి. అదేమో అబద్ధం.

"దాన్ని కొట్టెయ్ బిడ్డా. ఇప్పుడు చెప్పింది రాయి."

"రాస్త, అవ్వా. మళ్లొచ్చి చూస్త గూడ. కానీ ఈ ఏటికి అయిపోయింది. ఒక్క షెడ్డే ఇచ్చిండ్రు. అది నా చేతుల లేదు. వచ్చే ఏటికి తప్పకుండ పెడత." వినీత కళ్లలో నీళ్లు తిరిగాయి. లోకంలో ఇటువంటి పిల్లలు కూడా ఉంటారని దేవ్లికి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

"వచ్చే ఏటికి చెట్లుంటయ్ బిడ్డా. మా పిల్ల సంగతే తెల్వది" అంది.

పండ్లన్నీ అక్కడే బల్ల మీద పెట్టేసి ఖాళీ గంపతో తిరిగి వచ్చింది.

ఇంటికొచ్చి జమునకు అంతా చెప్పింది. దాచకుండా, తన తప్పు తనే ఒప్పుకుంటూ చెప్పింది. జమున విని, "నన్నడిగినా గదే చెప్పేదాన్ని, యాడీ" అంది. ఓదార్పు కోసం అన్న మాటే. కానీ దేవ్లిని అది ఇంకా కుంగదీసింది.

దీపావళి పోయింది. లోయలో కాయలు కన్ను విచ్చి, పండి, రాలి, ఈగలు ముసురుతున్నాయి. దేవీసింగ్ కోతకు పేరు రాయించాడు. అమ్మ పోవద్దు అంటే, "పోకుంటే ఏం తినాలె యాడీ? ఒక్కడే పోతే ముకద్దం తీసుకోడు. జోడీ కావాలె" అన్నాడు. వాడి మీద కోపం వచ్చిందిగానీ, వాడు చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. వాడు కూడా కిందటి ఏడు ఆ గట్టున మట్టి తవ్వినవాడే.

మూడో నాడు పొద్దున లారీ వచ్చి తండా కింద రోడ్డు మీద ఆగింది. జనం సత్తు గిన్నెలు, కొడవళ్లు, గొంగళ్లు మూటలు కట్టుకుని దిగారు. ముకద్దం అంటే కోతకు మనుషులను కూర్చి తీసుకుపోయే మనిషి. పేరు రాజయ్య. నోటుబుక్కు తెరిచి, ఒక్కో జోడీ ముందు నిలబడి పేరు రాసుకుని లారీ ఎక్కిస్తున్నాడు. చెడ్డవాడేం కాదు, కానీ కిందటి ఏడు జమున పడిపోయినప్పుడు వాళ్ల గుంపు పని నాలుగు రోజులు వెనకబడింది. అందుకని ఈసారి ఆడవాళ్లను విడిగా అడుగుతున్నాడు.

"కడుపుతోటి ఉన్నోళ్లు ముందే చెప్పుండ్రి. ఆడికొచ్చినంక నన్ను పరేషాన్ చెయ్యొద్దు."

జమున ముందుకొచ్చి నిలబడింది. తెల్లవారక ముందే లేచి నడుముకు పాత తువ్వాల గట్టిగా చుట్టుకుని, దాని మీద కొంగు వదులుగా వేసుకుంది. ముకద్దం ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"ఏమన్న విశేషమున్నదా?"

"ఏం లేదు" అంది జమున.

దేవ్లి ఉలిక్కిపడింది. ఆ రెండు మాటలూ తనవే. ఆ గొంతూ తనదే. నేల చూపులు చూస్తూ, పెదవి కదిలీ కదలకుండా, దక్షిణం వాలు మీద నిలబడి కోతులు తింటాయన్నప్పుడు తను పెట్టిన మొహమే అది. పక్కన తండావాళ్లందరూ, అచ్చం ఆ రోజులాగే, ఏమీ ఎరగనట్టు నేలకేసి చూస్తున్నారు. ఒక్కరు కూడా నోరు విప్పరు. తండా నోరు ఎలా మూసి ఉంచాలో వాళ్లకు నేర్పింది తన ఇల్లే.

ముకద్దం పెన్ను కాగితం మీద పెట్టాడు.

"అబద్ధం చెప్తున్నది, అన్నా" అంది దేవ్లి. "దానికి ఐదో నెల."

"యాడీ!" దేవీసింగ్ అరిచాడు. జమున తలెత్తి అత్త వైపు చూసింది. ఆ చూపులో కోపముందో, కూలబడిపోయేంత నీరసముందో దేవ్లికి తెలియలేదు.

ముకద్దం నోటుబుక్కు మూశాడు. "ఏందిర దేవీసింగ్, మళ్లా గదేనా? పక్కకు జరుగు. నీ మూట దించుకో. జోడీ లేంది నేను తీస్కపోను."

దేవీసింగ్ మొహం మాడిపోయింది. మూట నేల మీద పడేసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, రాయి మీద కూర్చుండిపోయాడు. దేవ్లి ఆ మూట దగ్గరికి నడిచింది. వంగి ఎత్తుకుంది. ఇంటికి మోసుకుపోవడానికి కాదు, భుజానికి వేసుకుని లారీ ఎక్కడానికి.

"జోడీకి నేనొస్త."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముకద్దం నవ్వలేదు. ఒక జోడీ తగ్గితే అవతల ఫ్యాక్టరీవాళ్ల దగ్గర అతనికి కూడా మాట పడుతుంది.

దేవ్లి జమున దగ్గరికి పోయి, ఆమె నడుముకు చుట్టుకున్న తువ్వాల ముడి తన చేత్తోనే విప్పింది. తువ్వాల తన నెత్తికి చుట్టకుదురుగా చుట్టుకుంది.

"అంగన్‌వాడీకి పో. గుడ్డు అక్కడ్నే తిను, ఇంటికి తేకు. పక్కింటి గంగామణికి చెప్పు, నీ కాడ పండుకుంటది. ఆ జీపు పిల్ల మళ్లొస్తే బండల నడుమకెల్లి తీస్కపో. ఒక్క చెట్టు దాచకు. పేర్లు యాదికున్నయా?"

"సగం ఉన్నయ్" అంది జమున. అప్పుడే ఏడ్చింది. తన బిడ్డ పోయినప్పుడు కూడా ఏడవని పిల్ల.

"సగమన్న చెప్పు."

ముకద్దం విసుగ్గా పిలిచాడు. దేవ్లి లారీకి ఆనించిన చెక్క దగ్గర నిలబడింది. అతను తువ్వాల అంచున కనిపించే తెల్లవెంట్రుకలను చూశాడు, మూట పట్టుకున్న వేళ్ల వంకరను చూశాడు. నోటుబుక్కు మళ్లీ తెరిచాడు.

"పేరు?"

"దేవ్లి."

"ఎన్నేండ్లు?"

దేవ్లి రెప్ప కూడా వేయలేదు. "నలభై ఐదు" అంది.

ముకద్దం ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, తల దించుకున్నాడు. దేవ్లి నోటి మాట కాగితం మీద పడటం అది రెండోసారి. ఈసారి కూడా ఆమె ఏం చెప్పిందో అదే రాసుకున్నారు.